ఏడో ఏరేటరుకి అద్దం

ఆకివీడు దాటాక, ఉప్పుటేరు పక్కన,
చెరువు గట్టు మీద రేకుల షెడ్డు.
మేకుకి వేలాడే అరచేతంత అద్దం,
ఓ మూల పగిలి ఉంటుంది.
ఏడుకొండలు అందులో సగం మొహం చూసి గీసుకుంటాడు,
మిగతా సగం వేలితో తడుముకుని.

నా కంప్యూటర్లో ఇదే గట్టు ఇంకోసారి ఉంది.
చెరువు ఒక ఆబ్జెక్టు, ఏరేటరు ఒక ఆబ్జెక్టు,
మేత బస్తా కూడా.
ఎవరి గుట్టు వాళ్ల కడుపులో పెట్టుకుని
అడిగినదానికే జవాబు చెబుతాయి.
మూడేళ్ల కిందట అలాగే రాశాను.
నేర్పినవాళ్లు అదే మర్యాద అన్నారు.

రాత్రి రెండూ పదికి ఫోను.
"అమ్మాయిగారూ, రొయ్య పైకి తేలతందండి.
ఏడోది తిరగట్లేదు. మీ తెర మీద పచ్చలైటే ఉందంట గదా?"

స్కూటీ మీద నేను వచ్చేసరికి
ఆయన డీజిల్ ఇంజను తగిలించేశాడు.
పొగలో, దోమల్లో, చాప మీద కూర్చుని
ఏడో ఏరేటరుని అడిగాను: తిరుగుతున్నావా?
తిరుగుతున్నాను, అంది.
మళ్లీ అడిగాను.
తిరుగుతున్నాను.
అబద్ధమని కాదు. చెప్పమన్న మాట చెప్పడమే దానికి తెలుసు,
కాకినాడ ఆస్పత్రి మంచం మీద మా పెదనాన్న
బానే ఉన్నానమ్మా అన్నట్టు.

ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు.
సరే. వీపు మీది కురుపుకో?

అద్దం విడిగా ఉండాలి.
ఈ చిన్న మాట తలకెక్కడానికి నాకు రెండు పంటలు పట్టింది.
మొదట్లో ప్రతి ఆబ్జెక్టుకీ నేర్పాను,
నీ క్లాసేమిటి, నీ తల్లి క్లాసెవరు,
నీలో ఎన్ని అరలున్నాయి, నువ్వే చెప్పుకో అని.
గాలి కొట్టాల్సిన ఏరేటరు
తన పుట్టుపూర్వోత్తరాలన్నీ నెత్తిన మోసేది.
అడిగినవాడికల్లా కడుపు విప్పి చూపేది,
మేత కంపెనీ కుర్రాడికి కూడా.
అవన్నీ పీకేసి ఒక్క అద్దం రాశాను.
అది ఏరేటరు కాదు. దానికి రెక్కల్లేవు, కరెంటు బిల్లు లేదు.
దేని ముందు పెడితే దాని లోపల చూపిస్తుంది.
నమ్మినవాళ్ల చేతికే ఇస్తాను.
పని లేనినాడు తీసి పక్కన పెడితే
తీసినట్టు ఏరేటరుకి తెలియను కూడా తెలియదు.

ఏడోదాని ముందు పెట్టాను.
స్థితి: తిరుగుతోంది.
దాని కింద, ఎవరూ అడగని అరలో,
మోటారు చివరిసారి పలికిన వేళ:
పదకొండు నలభై.
ఆ కింద తల్లి క్లాసు. పాతది.
నిరుడు మార్చేశాననుకున్నది.
మార్చేశానని రాజుగారికి చెప్పినది కూడా నేనే.

అద్దంలో ఏరేటరుని చూద్దామని వంగితే
పగిలిన మూలలో నా చెవి కనిపించినట్టైంది.

సరిచేసేసరికి తెల్లారింది.
మొదటి మేత వేసి, ఓ గంటాగి,
ఏడుకొండలు తాడు లాగి చెక్ ట్రే పైకి తీశాడు.
"మీదీ ఇదే గదండీ. చెరువునడిగితే ఏం సెప్పుద్ది?
పైన నీళ్లెప్పుడూ పచ్చగానే ఉంటాయి."
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
"కాపోతే ఇందులో మేతెడితేనే రొయ్యొచ్చుద్ది.
సూద్దారని దించితే అక్కడికే మూగుతాయి.
మరి మనం సూసింది చెరువునా, ట్రేనా?"

నా దగ్గర జవాబుంది అనుకున్నాను.
నోరు తెరిచి, మూసేశాను.

ట్రేలో పది పన్నెండు రొయ్యలు ఎగురుతున్నాయి.
ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టి ఎండకి ఎత్తాడు.
గాజులాంటి ఒళ్లు,
తల నుంచి తోక దాకా సన్నటి నల్లగీత.
"తింటందండి," అన్నాడు,
నీళ్లలోకి వదిలేశాడు.